పెన్న వెంట రాళ్ల వయసు

పెన్న కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, హిందూపురం వైపు మన రాష్ట్రంలోకి దిగుతుంది. ఏడాదిలో చాలా నెలలు నీళ్లుండవు. రైతుకు అది కష్టం, రాళ్లు చూడవచ్చినవాళ్లకు మాత్రం సదుపాయం. ఎటు చూసినా గ్రానైట్ గుండ్లే. వాటి వయసు తేల్చాలంటే ఒక ముక్క కొట్టి, పొడిచేసి, అందులోని జిర్కాన్ రేణువుల్ని సూక్ష్మదర్శిని కింద ఏరాలి. మిల్లీమీటరులో పదోవంతు రేణువైనా చాలు. కరిగిన రాయి గట్టిపడేటప్పుడు జిర్కాన్ యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఇవాళ అందులో కనిపించే సీసం యురేనియం క్షీణించగా పుట్టిందే. యురేనియం-238 సగమవడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది, 235కు 70 కోట్ల ఏళ్లు. అంటే ఒకే రేణువులో రెండు గడియారాలు. రెండూ ఒకే మాట చెబితేనే నమ్మకం. ఈ ప్రాంతపు గ్రానైట్లు చాలావరకు 250 కోట్ల ఏళ్లకు అటూ ఇటూగా తేలాయి.

తాడిపత్రి దగ్గరికొచ్చేసరికి గ్రానైట్ అడుగున పడిపోతుంది, పొరల రాళ్లు మొదలవుతాయి. అసలు చిక్కు ఇక్కడే. గండికోట లోయలో నదికి రెండు పక్కలా అడ్డపొరలుగా నిలిచిన ఎర్రటి రాయి ఒకప్పటి ఇసుక. అందులోనూ జిర్కాన్ దొరుకుతుంది, కానీ అది ఏ కొండ అరిగి ఇసుకైందో ఆ కొండ వయసు చెబుతుంది. పొర ఎప్పుడు పడిందో చెప్పదు. పొర అంతకంటే చిన్నదని మాత్రమే తెలుస్తుంది.

1872లో ఈ కడప పొరల గురించి పుస్తకం రాసిన విలియం కింగ్‌కు ఈ బాధ లేదు. రేడియోధార్మికత సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. ఏ పొర కింద, ఏది పైన అన్న వరుసే ఆధారం. ఆ వరుసకు అంకెలు తగిలించింది అగ్నిశిల. నదికి దక్షిణాన పులివెందుల దగ్గర పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గట్టిపడిన నల్లరాయిని 188.5 కోట్ల ఏళ్లదిగా లెక్కగట్టారు. అది దూరిన పొరలు అంతకుముందే ఉండాలి. గండికోట రాయి వాటిపైన పడింది గనుక వాటికంటే చిన్నది. నా దృష్టిలో యంత్రం ఇచ్చిన అంకె కంటే ఈ తర్కమే గొప్పది. ఏది దేన్ని కోసుకుని వెళ్లిందో కళ్లతో చూడకపోతే ఆ అంకె దేనికీ పనికిరాదు.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, సిద్ధవటం, సోమశిల దాటి పెన్న నెల్లూరు చేరుతుంది. ఇక్కడి ఇసుకలోని జిర్కాన్‌ను అడిగితే మళ్లీ కోట్ల ఏళ్ల లెక్కే చెబుతుంది, నిరుటి వరదకు వచ్చిన మేటలో దొరికినా సరే. మేట ఎప్పుడు వేసిందో తెలియాలంటే వేరే పద్ధతి ఉంది. ఎండ తగిలినప్పుడు క్వార్ట్జ్ రేణువులో దాగిన శక్తి ఖాళీ అవుతుంది. పూడిపోయాక చుట్టూ ఉన్న రేడియోధార్మికత వల్ల మళ్లీ పోగవుతుంది. అందుకే ఒడ్డు కోతలోకి ఇనుప గొట్టం దిగ్గొట్టి, వెలుగు పడకుండా రెండు చివరలూ మూసి తీసుకెళ్తారు. ప్రయోగశాలలో మసక ఎర్రదీపం కింద విప్పి, కాంతి తగిలించి, రేణువులు ఎంత మెరిశాయో కొలుస్తారు. వచ్చే లెక్క వేల ఏళ్లలో ఉంటుంది, కోట్లలో కాదు.