వంతెన మీద వాన

పిల్లలూ, ఒకరు వేసిన బొమ్మ చూసి మరొకరు వేస్తే దొంగతనమని చిన్నప్పుడు అనుకునేదాన్ని. తరవాత తెలిసింది: జపాను చిత్రకారుడు హిరోషిగే 1857లో చెక్క అచ్చులతో తయారుచేయించిన వాన బొమ్మను, వాన్‌గో అంతటివాడు 1887లో పారిస్‌లో కూర్చుని నూనెరంగులతో మళ్ళీ వేశాడు!

నేనూ నీటిరంగులు ముందేసుకున్నాను. కొయ్య వంతెన, గొడుగుల కింద వంగి గబగబా పోయే మనుషులు, దూరాన తెప్ప నడిపేవాడు, అన్నీ కుదిరాయి. కాని అవతలి గట్టు మీది చెట్లను కూడా వంతెనంత చిక్కగా వేశాను. ఇంకేముంది, అంత నదీ పిల్లకాలవ అయిపోయింది!

అమ్మ చూసి, "ఏమే, వీళ్ళు వంతెన మీద పోతున్నారా, చెట్లెక్కుతున్నారా?" అన్నది. ఏడుపొచ్చింది. కాగితం చించేశాను.

దూరాన ఉన్న చెట్టుకూ మన కంటికీ నడుమ గాలీ, నీటితుంపరలూ ఉంటాయి గదా! అవి వెలుతురును చెదరగొడతాయి. అందుకే దూరం పోయినకొద్దీ రంగు వెలవెలబోతుంది. రెండోసారి గట్టుకు చుక్కంత రంగు, బోలెడు నీళ్ళు వాడాను. అది బాగా ఆరాక మనుషులను చిక్కగా వేశాను. ఈసారి వాళ్ళు నిజంగానే తడిశారు.

వానగీతలు మాత్రం నాకు ఇప్పటికీ అంత సన్నగా రావు. వాటిని చెక్కలో చెక్కినవాడి చెయ్యి ఎలాంటిదో!