అర మార్కు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా తీరంలో చేపల వేట ఉండదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజుల పాటు మోటారు పడవల్ని సముద్రంలోకి పోనివ్వరు. పడవలన్నీ ఒడ్డున ఇసకలో వరసగా ఆగిపోతాయి. నాన్నలు వలలు బాగుచేసుకుంటూ ఇంటి దగ్గరే ఉంటారు. పిల్లలకి స్కూలు సెలవులు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా చర్చిలో బైబిల్ కంఠత పోటీ జరుగుతుంది. నాలుగేళ్ళుగా దాన్ని నడుపుతున్నది నేనే.

నేను చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. సోమవారం నుంచి శుక్రవారం దాకా వేరేవాళ్ళు రాసిన కోడ్‌లో తప్పులు వెతుకుతా. శనివారం నెల్లూరులో రైలు దిగి, మైపాడు రోడ్డు పట్టుకుని ఇంటికి చేరతా. ఆదివారం పిల్లలు అప్పజెప్పేదాంట్లో తప్పులు వెతుకుతా. రెండో పనికి జీతం లేదు. టెన్షన్ మాత్రం మొదటిదానికంటే ఎక్కువ.

చర్చితో పరిచయం లేనివాళ్ళ కోసం పోటీ ఎట్టా ఉంటుందో చెప్తాను. క్రిస్మస్ హడావుడి అయ్యాక జనవరిలో వయసును బట్టి భాగాలు ఇస్తాం. చిన్నపిల్లలకి 23వ కీర్తన, 6 వచనాలే. హైస్కూల్ వాళ్ళకి ఇంకాస్త పెద్దవి. బాగా ధైర్యం ఉన్నవాళ్ళు 119వ కీర్తన మీద కన్నేస్తారు. బైబిల్ మొత్తంలో పొడవైన అధ్యాయం అదే, 176 వచనాలు. హీబ్రూ భాషలోని 22 అక్షరాల వరసలో, అక్షరానికి 8 వచనాల చొప్పున కట్టింది. మే నెలలో ఫైనల్స్. ఒక రౌండ్ రాత, ఒకటి అప్పజెప్పడం, ఇంకోటి వచనం చదివితే అది ఎక్కడుందో టక్కున చెప్పడం. ప్రైజులు స్టీల్ బాక్సులు, టిఫిన్ క్యారియర్లు. దాత దొరికిన ఏడాది ఫస్ట్ ప్రైజుకి సైకిల్.

చిన్నప్పుడు నేనూ ఆ స్టీల్ బాక్సులు గెలిచినవాడినే. మా అమ్మ ఇప్పటికీ ఒకదాంట్లో పోపు గింజలు పోసి పెట్టుకుంది.

నోటికి నేర్చుకోవడానికి మన దగ్గర ఎప్పుడూ విలువే. అవధానంలో ధారణ దగ్గరికొచ్చేసరికి సభంతా ఊపిరి బిగబట్టి వింటుంది. వేదం చదివిన ఘనపాఠికి, ఖురాన్ మొత్తం నోటికొచ్చిన హాఫిజ్‌కి వాళ్ళ వాళ్ళలో ఉండే గౌరవం మనకి తెలుసు. అదే పనిని ఎంట్రన్స్ కోచింగ్‌లో చేస్తే మాత్రం బట్టీ అంటాం. నేను బట్టీ బ్యాచ్. ఆ చదువుతోనే ఉద్యోగం కూడా వచ్చింది కాబట్టి, పోటీని నా చేతికిచ్చినప్పుడు దాన్ని కూడా ఒక సిస్టమ్ లాగే చూశాను.

ముందు జ్ఞాపకశక్తి మీద చదివాను. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లో ఒక పుస్తకం వేశాడు. అర్థం లేని అక్షరాల ముక్కల్ని తనే వేల సార్లు వల్లెవేసి, ఎంత సేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కగట్టాడు. నేర్చుకున్న మొదటి రోజుల్లోనే ఎక్కువ జారిపోతుంది, మిగిలింది మెల్లగా పోతుంది. అందుకని ఒకే రోజు వందసార్లు చదవడం కంటే, మర్చిపోబోయే ముందు మళ్ళీ ఒకసారి గుర్తుచేసుకోవడం మేలు. దీన్ని పట్టుకుని ఐదు ఐస్‌క్రీం డబ్బాలు పెట్టాను. వచనం సరిగ్గా చెప్తే ఆ చీటీ తర్వాతి డబ్బాలోకి పోతుంది, తప్పితే మళ్ళీ మొదటి డబ్బాలోకి. మొదటి డబ్బా రోజూ, ఐదోది నెలకోసారి. పిల్లలకి ఇది భలే నచ్చింది. పోయినేడాది భాగాన్ని కూడా గడగడా అప్పజెప్పేవాళ్ళు తయారయ్యారు.

తర్వాత నా ‘ఇంప్రూవ్‌మెంట్లు’ మొదలయ్యాయి. ప్రింట్లు దండగ, అందరికీ వాట్సాప్ ఉందిగా అని భాగాలన్నీ పీడీఎఫ్ చేసి గ్రూపులో పెట్టాను. జడ్జీలు మొహం చూసి మార్కులేస్తున్నారని ఒక రూల్ పెట్టాను. మాట మారితే అర మార్కు కోత. ఎవరికైనా సరే, పాస్టర్ గారి అమ్మాయికైనా సరే. లెక్క షీట్‌లో, ఎవరైనా చూసుకోవచ్చు. అందరూ మెచ్చుకున్నారు.

మూడో ఏడాది ఆరు, ఏడు తరగతుల వాళ్ళకి 107వ కీర్తనలో 23 నుంచి 30 దాకా ఇచ్చాను. సముద్రం మీద పోయేవాళ్ళు తుపానులో చిక్కుకోవడం, ఆకాశమంత అలల మీద లేచి పడటం, మొరపెట్టుకోవడం, గాలి ఆగి క్షేమంగా ఒడ్డు చేరడం. మా పాలెం పిల్లలకి ఇంతకంటే దగ్గరి భాగం ఏముంటుంది అనుకున్నాను.

ఫైనల్స్‌లో ఒక పిల్ల వచ్చింది. ఆరో తరగతి. వాళ్ళ నాన్న వేటకి పోతాడు. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు, తడుముకోలేదు. అలల దగ్గరికొచ్చేసరికి గొంతు పెరిగింది, గాలి ఆగేచోట తగ్గింది. చర్చిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

నేను మాత్రం ఎర్ర పెన్నుతో గీతలు పెడుతున్నాను. ‘ఓడ’ అని ఉన్నచోట ‘పడవ’ అంది. ‘తరంగములు’ అని ఉన్నచోట ‘అలలు’ అంది. అట్టా 9 మాటలు. నాలుగున్నర మార్కులు పోయి 20కి 15.5 వచ్చాయి. మూడో ప్రైజు 16 దగ్గర ఆగింది.

అయిపోయాక నా దగ్గరికొచ్చి అడిగింది. “అన్నా, నేను యాడా ఆగలేదు గదా?”

“ఆగలేదమ్మా. మాటలు మార్చావు.”

“యాడ మార్చినా?”

కావాలని అడుగుతోంది అనుకున్నాను. షీట్ చూపించాను. దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. రెండు ఆదివారాలు మళ్ళీ రాలేదు.

మూడో వారం రైల్లో కూర్చుని ప్రాక్టీసు షీట్లన్నీ తెరిచాను. నా వృత్తిలో ఒక సంగతి తెలుసు. తప్పు ఒక్కోసారి ఒక్కోచోట వస్తే అది వేరు, ప్రతిసారీ ఒకేచోట ఒకేలా వస్తే వేరు. రెండోదానికి వెనక ఒక కారణం ఉంటుంది. మర్చిపోయినవాళ్ళు ఈ వారం ఒక మాట మర్చిపోతే వచ్చే వారం ఇంకోటి మర్చిపోతారు. ఈ పిల్ల ఫిబ్రవరి నుంచి మే దాకా అవే 9 చోట్ల అవే 9 మాటలు చెప్పింది. అంటే తను మర్చిపోలేదు. నేర్చుకున్నదే అట్టా నేర్చుకుంది.

ఆ ఆదివారం సాయంత్రం వాళ్ళింటికి పోయాను. నాయనమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోయింది. గ్రూపులో ఉన్నది వాళ్ళ నాన్న నంబరు. ఆ ఫోను ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని ఆయనతోపాటు వేటకి పోతుంది. నా పీడీఎఫ్ జనవరి నుంచి సముద్రం మీదే తిరుగుతోంది. పోటీలో 107వ కీర్తన అని స్నేహితురాళ్ళ దగ్గర విని, ఇంటికొచ్చి నాయనమ్మని అడిగితే ఆమె నేర్పింది.

“నీకు చదువొచ్చా అవ్వా?” అన్నాను.

“యాడొచ్చు నాయనా. మా అమ్మ చెప్పతా ఉంటే ఇన్నా. ఆమెకీ రాదు చదువు.”

ఒకసారి చెప్పమన్నాను. చెప్పింది. అవే 9 మాటలు. పడవ. అలలు.

“అందులో ఓడ అని ఉంటాది అవ్వా,” అన్నాను మెల్లగా.

“ఓడ ఎవురికుండాది ఈడ? మావోళ్ళు పోయేది పడవలోనే గదా. గాలి లేసిన రోజు నా కొడుకు లోపలుంటే, పడవ ఒడ్డుకొచ్చిందాకా ఇదే చెప్పుకుంటా కూర్చుంటా. నిద్ర పట్టదు నాయనా నాకు.”

నా దగ్గర మాట లేదు. నేను 20 మార్కులకి ఇచ్చిన భాగాన్ని ఆమె కొడుకు ప్రాణం కోసం చెప్పుకుంటోంది.

ఇంటికొచ్చాక మా సంఘాల చరిత్ర మళ్ళీ గుర్తొచ్చింది. శామ్యూల్ డే అనే అమెరికన్ మిషనరీ 1840లో నెల్లూరులో మకాం పెట్టాడు. ఏళ్ళు గడిచినా సంఘం ఎంత చిన్నదిగా ఉండేదంటే, మ్యాప్ మీద ఒంటరి చుక్క అని ‘లోన్ స్టార్ మిషన్’ అనేవాళ్ళు. తర్వాత 1876-78 కరువు. మా ఊరి పక్కనుంచి పోయే బకింగ్‌హామ్ కాలవ పనులు ఆనాడు కూలి దొరికే చోటు. కరువు తగ్గాక, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది అక్షరం దగ్గరికి రానివ్వని మాదిగ కుటుంబాలవాళ్ళు. అట్టాంటివాళ్ళకి విని నోటికి పట్టుకోవడం తప్ప వేరే పుస్తకం ఎక్కడిది? మా పోటీకి అసలు మొదలు వాళ్ళు. నేను పెట్టిన రూల్‌తో వాళ్ళెవరికీ ప్రైజు రాదు.

ఇంకో సంగతి కూడా దొరికింది. ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రవేత్త 1932లో వేసిన పుస్తకంలో ఒక ప్రయోగం ఉంది. ఉత్తర అమెరికా ఆదివాసీల కథ ఒకటి ఇంగ్లండు వాళ్ళ చేత చదివించి, తర్వాత గుర్తున్నంత చెప్పమన్నాడు. కథలో ‘కనూ’ అనే ఆదివాసీల పడవ ఉంటే, చెప్పేవాళ్ళ నోట్లో అది మామూలు ‘బోట్’ అయిపోయింది. మనిషి విన్నదాన్ని తన బతుకులోకి సర్దుకునే గుర్తుపెట్టుకుంటాడు. చదివి నవ్వొచ్చింది. మా అవ్వ చేసిందీ అదే.

ఇక్కడితో కథ సుఖాంతం కాలేదు. పాస్టరమ్మ గారికి చెప్పి, అర మార్కు రూల్ తీసేద్దాం అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

“ఇవాళ పడవ అంటే ఒప్పుకుంటావు. రేపు ఇంకొకరు ఇంకోటంటారు. పదేళ్ళకి వాక్యంలో ఏం మిగులుద్ది బాబూ? ఉన్నది ఉన్నట్టు నేర్పడమే గదా మన పని?”

ఆమె అన్నదీ నిజమే. ఒక్క అక్షరం మారితే ప్రోగ్రామ్ నడవదని నాకంటే ఎవరికి తెలుసు? చాలాసేపు మాట్లాడుకున్నాక ఒకటి తేలింది. గట్టిగా ఉండాల్సింది మాట దగ్గరే. కానీ ఆ మాట పిల్లలందరికీ సమానంగా అందించకుండా కోత పెట్టడం అన్యాయం. తప్పు ఆ పిల్ల నోట్లో లేదు, నేను పంపిన దారిలో ఉంది.

ఈ ఏడాది మూడు మార్పులు చేశాం. మళ్ళీ ప్రింట్లు ఇచ్చాం, ఇంటింటికీ పోయి. పాస్టరమ్మ గారు భాగాలన్నీ నిదానంగా చదివి రికార్డు చేస్తే, కీప్యాడ్ ఫోన్లలో కూడా వినేలా మెమరీ కార్డుల్లో ఎక్కించాం. మార్కులు రెండుగా విడగొట్టాం. ఉన్నది ఉన్నట్టు అప్పజెప్తే 10, అందులో ఏముందో తన సొంత మాటల్లో చెప్తే 10.

రెండో 10 దగ్గర అసలు సినిమా కనిపించింది. 30 వచనాలు ఒక్క తప్పు లేకుండా చెప్పిన పిల్లాడు, తరంగం అంటే ఏందిరా అంటే నా మొహం చూశాడు. వాడికి ప్రైజు తప్పింది. “ప్రతి ఏడాదీ రూల్స్ మారిస్తే ఎట్టా? మావాడు నాలుగు నెలలు కష్టపడ్డాడు,” అని వాళ్ళ నాన్న ఫోన్‌లో గట్టిగానే అడిగాడు. ఆయన కోపంలోనూ న్యాయం ఉంది. ఎబ్బింగ్‌హౌస్ కూడా ఒకసారి అర్థంలేని ముక్కలు పక్కనపెట్టి బైరన్ పద్యాలు నేర్చుకున్నాడట. పదో వంతు శ్రమ చాలిందట. అర్థం తెలిస్తే కష్టం తగ్గుతుందని ఆ పిల్లాడికి ముందే చెప్పాల్సింది నేనే కదా.

చదువురాని పెద్దవాళ్ళకి కూడా ఒక రౌండ్ పెట్టాం. విని నేర్చుకుని చెప్పడమే. ఏడుగురు అవ్వలు వచ్చారు. మా అవ్వ రాలేదు. “నాకు పోటీ ఏంది నాయనా, సిగ్గు గాదా,” అంది.

ఆ పిల్ల వచ్చింది. పోటీ మొదలవకముందే పక్కకి పిలిచి, పోయినేడాది తప్పు నాది అని చెప్పాను.

“మరి మార్కులు?” అంది.

ఏం చెప్పను? షీట్‌లో మార్చొచ్చు, ఒక నిమిషం పని. కానీ స్టీల్ బాక్సు వేరే పిల్ల ఇంట్లో ఉంది. వాళ్ళమ్మ కూడా పోపు గింజలు పోసుకునే ఉంటుంది. “అవి పోయాయమ్మా,” అన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది. ఈ ఏడాది వేరే భాగం. రెండో ప్రైజు వచ్చింది. నావైపు చూసి నవ్విందా లేదా అన్నది ఇప్పటికీ నాకు అనుమానమే.

పోయిన ఆదివారం రాత్రి చెన్నై రైల్లో నన్ను నేను పరీక్షించుకున్నాను. చిన్నప్పుడు ఫస్ట్ ప్రైజు తెచ్చిన భాగాలు ఒక్కటీ పూర్తిగా రాలేదు. 107వ కీర్తన మాత్రం, నేను ఏ డబ్బాలోనూ వేసుకోనిది, 23 నుంచి 30 దాకా ఆగకుండా వచ్చేసింది.

ఓడ దగ్గర మాత్రం నా నోట్లో పడవ అనే వచ్చింది. అర మార్కు కోత.