ఒకసారి ఇచ్చిన నంబరు

కామారెడ్డి మీదుగా పోయే పెద్ద రోడ్డు పాత కాగితాల్లో 7వ నంబరు జాతీయ రహదారి. 2010లో దేశంలోని జాతీయ రహదారులకు కొత్త నంబర్లు వేసినప్పుడు అది 44 అయింది. చిక్కు అక్కడ లేదు. ఖాళీ అయిన 7ను పంజాబ్‌లోని ఫాజిల్కా నుంచి బదరీనాథ్ దాటి మానా దాకా పోయే దారికి ఇచ్చారు. మనకు వచ్చిన 44 కూడా అంతకుముందు షిల్లాంగ్, అగర్తలా వైపు తిరిగిన నంబరే. పాత దస్తావేజులో ‘తూర్పు హద్దు 7వ నంబరు రహదారి’ అని ఉంటే, ఇవాళ దాన్ని చదివే కంప్యూటరు కామారెడ్డి ప్లాటును హిమాలయాలకు చేర్చగలదు.

సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలకు వెర్షన్ నంబర్ల పద్ధతి కట్టేవాళ్ళు ముందు రాసుకోవాల్సిన నియమం ఇదే: బయటికి వెళ్ళిన నంబరును ఇంకోదానికి పెట్టకూడదు. పొద్దున 1.4.2 వదిలి, తప్పు కనబడిందని సాయంత్రం అదే నంబరుతో దిద్దిన సరుకు పెడితే, ఇద్దరి దగ్గర నంబరు ఒకటే, లోపలిది వేరు. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గోదాము ఎన్‌పీఎం, తీసేసిన వెర్షన్ నంబరును కూడా మళ్ళీ వాడనివ్వదు. దిద్దితే 1.4.3 అనండి. అంకెలకేం కరువా?

ఇంతకీ నంబరు ఏం చెప్పాలి? ఎల్లారెడ్డి మీదుగా పోయే 765డీ చూడండి. చివరి 65, పుణె నుంచి హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం పోయే తల్లి రహదారి. ముందున్న 7 దాని కొమ్మల్లో వరస. డీ ఆ కొమ్మకు పిలక. రోడ్డెక్కకుండానే వంశం తెలిసిపోతుంది. గుంతలున్నాయో లేదో మాత్రం తెలియదు.

టామ్ ప్రెస్టన్-వెర్నర్ రాసిన సెమాంటిక్ వెర్షనింగ్ ఆ గుంతల సంగతే పట్టించుకుంది. మూడో అంకె పెరిగితే మరమ్మతు. రెండోది పెరిగితే కొత్త సదుపాయం, పాత పనికి ఢోకా లేదు. మొదటిది పెరిగిందా, నిన్న నడిచిన మీ ప్రోగ్రాము ఇవాళ ఆగిపోవచ్చు. వేసేది రాసినవాడే అయినా ఆ నంబరు వాడుకునేవాడి కోసం. నాకు ఈ పద్ధతి నచ్చేది అందుకే. కాకపోతే అంతా రాసినవాడి మాట మీదే నడుస్తుంది. చిన్న మరమ్మతేనని అతననుకున్నది ఇంకెవరి కొంపో ముంచుతుంది.

ఇంకో తిరకాసు చుక్క. 1.9 తర్వాత వచ్చేది 1.10. దశాంశాల లెక్కన చూస్తే అది 1.1, అంటే వెనక్కి నడక. పహాణీలో 45/9 తర్వాత 45/10 చూసి ఏ రైతూ తికమకపడడు. అక్కడున్నది ఏటవాలు గీత. మనమూ గీత పెట్టుకుందామంటే కంప్యూటరుకు అది ఫోల్డర్ల మధ్య గట్టు.

అసలేమీ మారకుండా పెద్ద అంకె మారే సందర్భాలూ ఉన్నాయి. 2011లో లినక్స్ 2.6.39 తర్వాత ఏకంగా 3.0కు దూకింది. అంకెలు మరీ పెరిగాయన్నదే కారణం, విశేషమేమీ లేదని లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా చెప్పాడు. కామారెడ్డి బళ్ళదీ దాదాపు అదే కథ. నిజామాబాద్ జిల్లాలో ఉన్నప్పుడు ఏపీ 25, తెలంగాణ వచ్చాక టీఎస్ 16, 2016లో సొంత జిల్లా అయ్యాక టీఎస్ 17, 2024 మార్చి నుంచి కొత్త బళ్ళకు టీజీ 17. నాలుగూ ఒకే రోడ్డు మీద తిరుగుతున్నాయి. హెల్మెట్ లేకపోతే నాలుగింటికీ చలానా ఒకటే.