నాకెరుకే

మా అమ్మాయి ఆదివారాలు స్పానిష్ నేర్చుకుంటున్నది. "తెలుగు మాస్టారి కూతురికి స్పానిష్ ఎందుకండీ?" అని మా ఎల్.బి. నగర్ వీధిలో ఒకరిద్దరు అడగనే అడిగారు. నేను మాత్రం ఏం చెప్పను?

మొన్న పుస్తకం పట్టుకుని వచ్చి వంటింటి గుమ్మంలో కూలబడింది.

"ఇంగ్లీషులో 'నో' అని ఒక్క క్రియతో సరిపోతుంది నాన్నా. స్పానిష్‌లో రెండు. సంగతి తెలిస్తే 'సబేర్', మనిషో వూరో పరిచయమైతే 'కొనోసేర్'. ఎక్కడ ఏది వాడాలో తికమకగా వుంది."

"ఇంగ్లీషు మీదుగా వెళితే తికమకే మరి. తెలుగు మీదుగా వెళ్ళు" అన్నాను దర్జాగా. "రైలెప్పుడో నాకు తెలుసు. స్టేషను మాస్టరును నేనెరుగుదును. చూశావా, క్రియ మారగానే 'నాకు' పోయి 'నేను' వచ్చింది."

మన కంచె అంత గట్టిది కాదనుకోండి. 'తెలుసు' మనుషులకూ చెల్లుతుంది, 'ఎరుగుదును' సంగతులకూ చెల్లుతుంది. అయినా తండ్రిని గదా, ఆ మాట పైకి అనలేదు.

"మరి ఈత?" అన్నది అమ్మాయి. స్పానిష్ వాళ్ళకు ఈత కూడా సబేరేనట. మనకు మాత్రం విద్య 'వస్తుంది'. నాకు ఈత వచ్చు, నాకు వంట వచ్చు. (రెండోది అబద్ధం.) ఇంకో చిత్రం, కొనోసేర్‌ను భూతకాలంలో వాడితే మొదటిసారి కలుసుకున్నానని అర్థమట. సబేర్‌ను వాడితే మన 'తెలిసింది' అన్నట్టే. కొనోసేర్‌కూ, ఇంగ్లీషు 'నో'కూ, మన సంస్కృత 'జ్ఞా' ధాతువుకూ మూలం ఒకటేనని కూడా చెప్పి, ఇక లేవబోయాను.

"ఈ రోజుల్లో 'ఎరుగుదును' అని మీరు తప్ప ఎవరంటున్నారండీ?" అన్నది మా ఆవిడ, పోపు వేస్తూ.

ఎవరూ అనరని ఒప్పుకోబోయి ఆగిపోయాను. అనేవాడు ఒకడున్నాడు.

మా కాలేజీ దిల్‌సుఖ్‌నగర్‌లో. నల్లగొండ వైపు నుంచి వచ్చే పిల్లలు ఎల్.బి. నగర్ చౌరస్తాలో బస్సు దిగి, 2018లో వచ్చిన మెట్రో ఎక్కి మూడో స్టేషనులో దిగుతారు. అందులో ఒక కుర్రవాడు, నెల క్రితం అనువాదం పరీక్షలో 'ఆయన నాకెరుకే' అని వ్రాశాడు. నేను ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన 'గ్రామ్యం' అని వ్రాసి, రెండు మార్కులు తీసేశాను. అదే 'ఎరుక' పాతపద్యంలో వస్తే, 'ఎరుక అనగా జ్ఞానము' అని బోర్డు మీద వ్రాసేది నేనే!

ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

సోమవారం వాణ్ణి స్టాఫ్ రూముకు పిలిచాను. నిలువుగుడ్లతో నిలబడ్డాడు. పేపరు తీసి, 'గ్రామ్యం' కొట్టేసి, మార్కులు వేసి, చిన్న సంతకం పెట్టాను.

"నేను పొరపాటు పడ్డానోయ్. అప్పుడే వచ్చి అడగొద్దూ?"

"మా ఇంట్ల అందరం గట్లనే అంటం సార్. తప్పేందో తెల్వలే. అడగాల్నంటే భయమైంది."

నేనేమీ అనలేకపోయాను. వాడు పేపరు మడిచి జేబులో పెట్టుకుని గుమ్మందాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"పెద్ద పరీక్షల గూడ ఎరుక అని రాయొచ్చా సార్?"

ఆ పేపర్లు దిద్దేది నేను కాదు. ఏం చెప్పాలో నాకు వెంటనే తోచలేదు.