మారిషస్ ద్వీపమున మా అమ్మాయి పుట్టినరోజు

బిడ్డ పుట్టినరోజు ఇంటిపట్టున జరుపుకొనుట మనకందఱకును అలవాటైన పనియే. వేకువనే తలంటు, క్రొత్తబట్టలు, పెద్దల అక్షతలు, పరమాన్నము, సాయంకాలము హారతి. ఇవన్నియు ఏటేట ఒక్కతీరుగ జరిగిపోవును. కాని ఆ దినము సముద్రముల కావల, తెలిసినవారు లేనిచోట తటస్థించినచో తల్లి యేమి చేయవలెను? 2023వ సంవత్సరము ఆగస్టు నెలలో నాకీ ప్రశ్న యెదురైనది. ఆ సంగతి మీతో ముచ్చటించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మావారు చక్కెర పరిశ్రమకు సంబంధించిన పనిమీద మారిషస్ దీవికి పోవలసివచ్చినది. పదిదినముల పని. నన్నును అమ్మాయినిగూడ రమ్మనిరి. మా అమ్మాయి 2016 ఆగస్టు 7వ తేదీన పుట్టినది. ఏడేండ్లు నిండు దినము సరిగా ప్రయాణము నడుమ పడినది. కాకినాడలో మాతో నుండు మా అత్తగారు మోకాళ్ళ నొప్పులవలన కదలలేరు. అంతవరకు మనుమరాలి పుట్టినరోజు ఆమె లేకుండ ఒక్కసారియు జరుగలేదు. ఆమె నోరు తెఱచి యేమియు అనలేదు. తన పాత పట్టుచీర విప్పి, నెలదినములు కిటికీయొద్ద కూర్చుండి, చేతికుట్టుతో ఒక పరికిణి కుట్టి, మడతపెట్టి నాచేతి కిచ్చిరి. "ఆ రోజు ఇది కట్టు" అనిరి. అంతే.

మారిషస్ హిందూమహాసముద్రమున, మడగాస్కరునకు తూర్పున నున్న చిన్న దీవి. వైశాల్యము సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు మాత్రమే. బొంబాయినుండి విమానమున ఆఱు గంటల ప్రయాణము. ఆ దేశము భూమధ్యరేఖకు దక్షిణమున నుండుటచే మనకు వానలు కురియు ఆగస్టు నెల వారికి చలికాలము. చెఱకు నఱకు కాలముగూడ నదియే. దారి కిరుప్రక్కల చెఱకుతోటలు, వాని వెనుక నల్లని కొండకొమ్ములు. కచేరీలలో ఇంగ్లీషు, పత్రికలలో ఫ్రెంచి, వీధిలోను ఇంటిలోను క్రియోలు భాష. అచ్చటి గడియారము మన గడియారమునకు గంటన్నర వెనుక.

చేరిననాటి రాత్రి పెట్టె విప్పి చూచితిని. పరికిణి లేదు! నలిగిపోవునని చిట్టచివర పైన పెట్టదలచి, మంచముమీద నుంచి, ఆ తొందరలో మఱచి వచ్చితిని. తప్పు పూర్తిగా నాదే. అమ్మాయి వెక్కివెక్కి యేడ్చినది. దానిని ఊరడించి, "మామ్మకు ఈ సంగతి చెప్పవద్దు" అంటిని. అబద్ధమాడరాదని ప్రతిదినము చెప్పు నోటితోనే ఆ మాట చెప్పినందులకు ఆ రాత్రి నాకు నిద్దుర పట్టలేదు.

మేము దిగిన ఇల్లు రాజధానియైన పోర్టు లూయీకి ఉత్తరమున నొక పల్లెలో నున్నది. ఇంటి యజమానురాలు డెబ్బదియేండ్ల పెద్దమ్మ. మేము తెలుగువారమని వినగానే రెండు చేతులెత్తి "దండము" అనిరి. ఆమెకు వచ్చిన తెలుగు పదిపన్నెండు మాటలే. కాని ఆమె పూర్వులు తెలుగువారు. పదేండ్ల మనుమరాలు మాత్రము బడిలో తెలుగు చదువుకొనుచున్నది. అచ్చటి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో తెలుగు నేర్పుదురు. ఉగాది ఆ దేశమున సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినదియు ఆ దీవిలోనే. దీపపు సెమ్మె చుట్టును తిరుగుచు తెల్లవారువఱకు రామభజన చేయుట తమ యింట నేటికిని ఉన్నదని పెద్దమ్మగారు మనుమరాలి నోట చెప్పించిరి.

పుట్టినరోజునకు రెండు దినములముందు, శనివారమునాడు, ఆప్రవాసీ ఘాట్ చూడబోయితిమి. అది పోర్టు లూయీ రేవునందలి పాత రాతికట్టడము. 1834 నవంబరు 2న "అట్లాస్" అను ఓడలో మనదేశపు కూలీలు కొందఱు ఆ దీవికి వచ్చిరి. మఱుసటి యేట ఫిబ్రవరి 1న అచ్చట బానిసత్వము రద్దయ్యెను. చెఱకుతోటలకు పనివారు కావలసివచ్చిరి. నాటినుండి 1920వఱకు ఒడంబడికలమీద దాదాపు అయిదులక్షలమంది ఆ రేవున దిగిరి. వారిలో తెలుగువారు మా కాకినాడ ప్రక్కనున్న కోరంగి మొదలగు రేవులనుండి ఓడ లెక్కిరి. అందువలన పూర్వము అచ్చటి తెలుగువారిని కోరంగివారని పిలుచుచుండిరి. 2006లో యునెస్కో సంస్థవారు ఆ ఘట్టమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి.

మా అత్తగారి పుట్టినూరు కోరంగికి సమీపమున నున్నది. ఆ యూరిపేరు చిన్ననాటినుండి విన్న నాకు సముద్రము కావల ఆ పేరు వినబడగానే ఒడలు జలదరించినది. వారములకొలది ఓడలో వచ్చి అలసిన ఆడవారు బిడ్డల నెత్తుకొని యెక్కిన రాతిమెట్లు అచ్చట నేటికిని ఉన్నవి. దిగిన ప్రతివానికి ఒక సంఖ్య నిచ్చెడివారు. పట్టీలో ఆ సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, ఊరు వ్రాసెడివారు. మావారు అమ్మాయికి ఇవి యన్నియు విప్పి చెప్పుచుండగా అది శ్రద్ధగా విని, "మఱి వీళ్ళ పుట్టినరోజు ఎక్కడ వ్రాశారు, నాన్నా?" అని యడిగినది. వయస్సే కాని పుట్టినదినము వ్రాయలేదని ఆయన చెప్పిరి. "అయితే పిల్లలకు పుట్టినరోజు ఎట్లా చేశారు?" అనినది. మేమిద్దఱమును బదులు చెప్పలేకపోతిమి.

సోమవారమునాడు, తెల్లవారక మునుపే, నాలుగున్నరకు ఫోను మ్రోగినది. మన దేశమున అప్పుడు ఆఱు గంటలు. మా అత్తగారు స్నానముచేసి, బొట్టు పెట్టుకొని, ఫోనులో కనబడిరి. నా గుండె దడదడలాడినది. ఆమె మనుమరాలిని దీవించి, నావైపు చూచి యిట్లనిరి:

"పరికిణి మంచంమీదే ఉండిపోయింది, అమ్మాయీ. మీరు గుమ్మం దాటిన గంటకే చూచాను. చెబితే దారిపొడుగునా బాధపడతావని ఊరుకున్నాను."

నేను మాటాడకమునుపే మా అమ్మాయి, "మామ్మా! నీకు చెప్పవద్దని అమ్మ అంది. అందుకని నేనూ చెప్పలేదు" అనినది. మావారు ఫక్కున నవ్విరి. నేను తల వంచుకొంటిని. అత్తగారును నవ్వి, "దిగులెందుకు? తారీఖు మీది, తిథి నాది. దీని తిథి శ్రావణ శుద్ధ పంచమి. ఈ ఏడు అధిక శ్రావణం వచ్చింది గనుక పంచమి ఇంకా పధ్నాలుగు రోజులుంది. అప్పటికి ఇంటికి వస్తారుగా, అప్పుడు కట్టుకుంటుంది" అనిరి.

అప్పుడు అమ్మాయి అడిగినది: "మామ్మా, నీ పుట్టినరోజు ఎప్పుడు?"

"నాకేం పుట్టినరోజు, తల్లీ! బడిలో వేసేటప్పుడు పంతులుగారు అడిగితే, ఏదో ఒకటి వ్రాయండి అన్నారట మా నాన్న. జూలై ఒకటి అని వ్రాసుకున్నారు. అసలుది మా అమ్మకు తెలుసు. ఆవిడ పోయింది, ఆ రోజూ పోయింది" అని ఆమె తేలికగా అనివేసిరి.

నేను ఆ యింటి కోడలినై పదునొకండేండ్లయినది. ఆమె చేతి వంట తింటిని, ఆమె చేత పురుడు పోయించుకొంటిని. ఒక్కనాడైనను ఆమె పుట్టినరోజేదని యడిగిన పాపమున పోలేదు.

ఆ యుదయమున అమ్మాయికి తలంటి, ఉన్న గౌనులలో మంచిది తొడిగితిని. వెంట తెచ్చిన పసుపు కుంకుమలును, గుప్పెడు అక్షతలును అక్కఱకు వచ్చినవి. బెల్లము దొరకలేదు గాని, ఆ దీవిలో తయారగు నల్లని ముడిచక్కెర దొరకినది. దానితో వండిన పరమాన్నము ఇంచుమించు బెల్లపు పరమాన్నము వలెనే రుచిగా నుండెను. పెద్దమ్మగారు "గాతో పిమా" అను వంటకము చేసి తెచ్చిరి. పప్పు నానవేసి, కచ్చాపచ్చాగా రుబ్బి, పచ్చిమిరపకాయలు, ఉల్లికాడలు కలిపి నూనెలో వేపుదురు. పేరు ఫ్రెంచివారిది గాని రుచి మన పప్పువడదే. ఆమె మనుమరాలు ఒక కాగితముమీద తెలుగు అక్షరములతో "పుటినరోజు శుభాకాంక్షలు" అని వ్రాసి యిచ్చినది. ఒక వత్తు తప్పిపోయినది. నేను దిద్దలేదు. ఆ కాగితము నేటికిని మా దేవుని పటముల ప్రక్క నున్నది. పెద్దమ్మగారు అక్షతలు వేసి అమ్మాయి తలమీద చేయి యుంచి క్రియోలు భాషలో ఏమో దీవించిరి. మాటలు తెలియలేదు. చేతి బరువు మా అత్తగారి చేతి బరువే.

మధ్యాహ్నము పాంప్లెమూస్ అను నూరిలోని ఉద్యానవనమునకు పోయితిమి. ఫ్రెంచివారి కాలమున నాటిన ప్రాచీనమైన తోట యది. పెద్ద పళ్ళెములవంటి ఆకులుగల కలువలు కొలనునిండ నున్నవి. అచ్చటనే శ్రీతాళ వృక్షములును ఉన్నవి. ఆ చెట్టు ముప్పది మొదలు ఎనుబది యేండ్లవఱకు పెరిగి, జీవితములో ఒక్కసారే పూచి, కాచి, పిమ్మట చచ్చిపోవును. పూర్వము దాని యాకులమీద మన దక్షిణదేశమున గ్రంథములు వ్రాసెడివారు.

ఆ చెట్టు నీడను మావారికి ఒక సంగతి జ్ఞప్తికి వచ్చినది. వారి మాతామహుని జాతకము తాటియాకుమీద వ్రాసినది, మేనమామగారిది అంచులకు పసుపు పూసిన కాగితముమీద వ్రాసినది, ఆ యింట పెట్టెలో నేటికిని భద్రముగ నున్నవట. మా అత్తగారిది మాత్రము లేదు. ఆడపిల్ల గనుక ఎవరును వ్రాయింపలేదు. రేవున దిగిన కూలీలకు దినము వ్రాయనివాడు ఎవరో పరాయి గుమాస్తా. ఈమెకు వ్రాయనివారు కన్నవారే. నాటినుండి నేటివఱకు అడుగనివారిలో నేనును ఒకతెను. ఆ మాట నేను పైకి అనలేదు గాని, తోటలో తిరుగుచున్నంతసేపును మనసులో మెదలుచునే యుండెను.

ఇంటికి చేరిన పిదప మా అత్తగారి అక్కగారి కడకు పోయి యడిగితిని. "వానల్లో, ఊడ్పుల రోజుల్లో పుట్టింది. మా అమ్మ పొలంనుంచి వచ్చి కన్నది" అని మాత్రము చెప్పగలిగిరి. తిథి ఆమెకును తెలియదు. ఊడ్పుల నాళ్ళనగా మాకు ఆషాఢ శ్రావణములు. ఇంక అంతకంటె తెలియుట కల్ల.

శోభకృత్ నామ సంవత్సర నిజ శ్రావణ శుద్ధ పంచమి, అనగా ఆగస్టు 21వ తేదీ, సోమవారమునాడు, మా యింట రెండు పీటలు వేసితిమి. ఒకదానిమీద పట్టు పరికిణి కట్టిన మనుమరాలు, రెండవదానిమీద క్రొత్తచీర కట్టిన మామ్మ. ఆమె మొదట కోపపడిరి, "ఈ వయస్సులో నాకేమిటి, నలుగురూ నవ్వుతారు" అనిరి. అమ్మాయి చేయిపట్టి లాగి కూర్చుండబెట్టినది. పిన్నలమైన మేము ఆమెకు అక్షతలు వేయరాదు గనుక, అక్కగారు వచ్చి ఇద్దఱకును వేసిరి. మేము కాళ్ళకు మ్రొక్కితిమి. హారతి పళ్ళెము ఎదుట ఆమె కన్నులు తుడుచుకొనుట నేను చూచియు చూడనట్లుంటిని.

సోదరీమణులారా! ప్రయాణములో బిడ్డ పుట్టినరోజు వచ్చెనని దిగులుపడకుడు. చిటికెడు పసుపు కుంకుమలు, గుప్పెడు అక్షతలు పెట్టెలో నుంచుకొనుడు. పాలు, బియ్యము, చక్కెర ఏ దేశముననైనను దొరకును. దీవించు పెద్దచేయియు దొరకును. కాని బయలుదేరక మునుపు మీ యింటి పెద్దలను, ముఖ్యముగ ఆడవారిని, వారు పుట్టిన దినమేదో అడిగి, ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. చెప్పగలవారు ఉన్నప్పుడే అడుగుడు.