కాచుకొనియుండు యంత్రము

లోకమున యంత్రములు రెండు విధములు. నిత్యము పనిచేసి యజమానిని పోషించునవి కొన్ని. పిలుపు వచ్చువఱకు ఏ పనియు లేక మూలను నిలిచియుండునవి కొన్ని. మొదటి వానిని అందఱును మెచ్చుకొందురు. రెండవ వానిపై దుమ్ము తుడుచువారు సైతము అరుదు. కరెంటు పోయినప్పుడు కర్మాగారములను, ఆసుపత్రులను, నీటి పంపులను నడుపుటకై నిలుపుకొను డీజిలు జనరేటరు ఈ రెండవ తెగకు చెందినది. దానిని గూర్చి మేము కన్నదియు విన్నదియు విద్యార్థులకును వారి తలిదండ్రులకును విన్నవింపవలెనని ఈ వ్యాసమును వ్రాయబూనితిమి.

మేము బొంరాస్‌పేట ప్రాంతమున పెరిగినవారము. ఈ మండలము 2016 అక్టోబరు వఱకు మహబూబ్‌నగర్ జిల్లాలో నుండి, అటు పిమ్మట వికారాబాదు జిల్లాలో చేరినది. మా చిన్ననాట సాయంకాలము దీపము ఆరుట వింత గాదు, ఆరకుండుటయే వింత. 2012, 2013 సంవత్సరములలో నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున కరెంటు కొఱత మిక్కుటమై, పరిశ్రమలకు ‘పవర్ హాలిడే’లు ప్రకటింపబడెను. ఆ కాలమున తాండూరు వెళ్లినచో నాపరాతి పాలిషింగు షెడ్లు కొన్ని నిశ్శబ్దముగ నుండెడివి; కొన్ని జనరేటరు మ్రోతతో నిండియుండెడివి. నిశ్శబ్దముగ నున్న షెడ్డులో కూలివానికి ఆనాటి కూలి లేదు. మ్రోగుచున్న షెడ్డులో యజమానికి లాభము స్వల్పము. ఏలయన ఒక లీటరు డీజిలు కాల్చినచో సుమారు మూడు నాలుగు యూనిట్ల విద్యుత్తు మాత్రమే లభించును.

పిమ్మట కాలము మాఱినది. 2013 డిసెంబరు 31వ తేదీన మన పొరుగుననున్న రాయచూరు నుండి షోలాపూరునకు వేసిన 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ దేశపు విద్యుత్ జాలము తక్కిన భారతదేశపు జాలముతో కలిసినది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు ఇరువది నాలుగు గంటల సరఫరా మొదలైనది. ఇట్లు కరెంటు సమృద్ధియైన పిమ్మట జనరేటరుతో పనియేమని కొందఱు మమ్మడిగిరి. కొఱత వేఱు, అంతరాయము వేఱు అని మా సమాధానము. దేశమంతట విద్యుత్తు ఎంత యున్నను, వైశాఖ మాసపు గాలివానకు ఒక చెట్టుకొమ్మ తీగపై విఱిగి పడినచో ఆ తీగ క్రింది ఊరికి చీకటియే.

అట్టి చీకటి కొన్ని చోట్ల కొన్ని నిమిషములు సైతము సహింపరానిది. తాండూరు చుట్టును సున్నపురాయి విస్తారముగ నుండుటచే కరన్‌కోట్ మొదలగు చోట్ల సిమెంటు కర్మాగారములు వెలసినవి. సిమెంటు కాల్చు కొలిమి మెల్లగా తిరుగుచుండు పెద్ద ఉక్కు గొట్టము. అందులోని పదార్థము సుమారు 1,450 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి వచ్చును. కరెంటు పోయి అది ఒకే స్థితిలో నిలిచిపోయినచో, ఎఱ్ఱగ కాగిన గొట్టము తన బరువునకు తానే వంగిపోవును. కావున దానిని మెల్లమెల్లగా త్రిప్పుచుండుటకు వేఱొక ఇంజనో, జనరేటరో సిద్ధముగ నుండవలెను. ఆసుపత్రి శస్త్రచికిత్స గదియందును, టీకా మందులుంచు ఫ్రిజ్జునందును నష్టము ఉక్కుది గాదు, ప్రాణములది.

ఈ యంత్రము పనిచేయు విధమును సంగ్రహముగా చెప్పెదము. అయస్కాంతమును తీగచుట్టను ఒకదాని సమీపమున నొకటి కదలించినచో తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. గాలిని గట్టిగా నొత్తి వేడెక్కించి, ఆ వేడికే నూనెను మండించు ఇంజనును రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీ దేశపు ఆగ్స్‌బర్గు పట్టణమున విజయవంతముగ నడిపి చూపెను. 1900లో పారిస్ ప్రదర్శనమున అట్టి ఇంజనొకటి పల్లినూనెతో నడిచెనని విన్నప్పుడు, పల్లికాయ పండించు మన రైతుబిడ్డలకు సంతోషము కలుగక మానదు. ఫారడే కనుగొన్న ధర్మమును డీజిల్ నిర్మించిన ఇంజనును జతకూర్చినదే మన జనరేటరు. నాలుగు ధ్రువములు గల జనరేటరు నిమిషమునకు 1,500 మారులు తిరిగినచో, మన దేశపు రీతిని సెకండునకు 50 ఆవృత్తుల కరెంటు వచ్చును.

గత వేసవిలో మేము తాండూరులో ఒక పాలిషింగు షెడ్డునకు పోయి, అచ్చట జనరేటరును చూచుకొను వృద్ధునితో కొంతసేపు మాటలాడితిమి. ఆయన యన్నమాట యిది: “సారూ, ఇది నడిచేటప్పుడు నాకు పనే లేదు. ఊరకున్నప్పుడే నాకు పని.” మేము వివరమడుగగా ఒక్కొక్కటే చూపెను. ఇంజనును మేల్కొలుపునది బ్యాటరీ. అది నీరసించినచో తక్కినదంతయు ఎంత బాగున్నను వ్యర్థము. నెలల తరబడి నిలువయున్న డీజిలులో నీరు చేరి, మడ్డి పట్టి, ఫిల్టరు మూసికొనిపోవును. ఊరక త్రిప్పి చూచుటయు చాలదు. భారము లేక నడచిన ఇంజనులో నూనె పూర్తిగా కాలక పొగగొట్టమున జిడ్డుగా పేరుకొనును. కావున ఆయన నెలకొకమారు రాళ్లు కోయు మోటారును దానిపై వేసి అర్ధగంట నడుపుచుండెను. మోటారు బయలుదేరు క్షణమున మామూలుకంటె అయిదారు రెట్ల కరెంటు లాగును గనుక, ఒకదాని వెనుక నొకటి వేయవలెను గాని అన్నియు నొక్కసారి వేయరాదని హెచ్చరించెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు, కరెంటు పోయిన పిమ్మట బ్యాటరీకై వెదకుట నిష్ప్రయోజనము.

యంత్రము బాగుండుటయే గాక, అది నిలుచు చోటును మంచిదై యుండవలెను. 2011 మార్చి 11న జపాను దేశమున మహా భూకంపము వచ్చి, ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రమునకు బయటి కరెంటు నిలిచిపోయెను. అచ్చటి డీజిలు జనరేటర్లు తమంతట తామే బయలుదేరి చక్కగా పనిచేసెను. కాని గంటలోపలనే సునామీ కెరటములు వచ్చిపడెను. జనరేటర్లలో పెక్కింటిని నేలక్రింది గదులలో నుంచియుండిరి. యంత్రములును వాని స్విచ్చు పలకలును నీట మునిగెను. చల్లార్చు పంపులు ఆగెను. మూడు రియాక్టర్లలోని ఇంధనము కరగిపోయెను. ఆ జనరేటర్లకు శక్తి చాలకపోలేదు; చోటు చాలకపోయినది.

ఇక మా హృదయమున నాటుకొనిన విషయమును చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట మా సమీప గ్రామమున ఒక పెండ్లి జరుగుచుండగా గాలివాన వచ్చి కరెంటు పోయెను. పెండ్లివారు అద్దె జనరేటరు తెప్పించిరి. త్వరలో నున్నవారెవరో దాని తీగను తిన్నగా ఇంటి మీటరు తీగకు తగిలించిరి. అదే సమయమున వీధి చివర లైన్‌మన్ ఎల్.సి. తీసికొని, తెగిన తీగను కట్టుటకు వచ్చియుండెను. సబ్‌స్టేషనులో సరఫరా నిలిపిరి గనుక తీగలో ప్రాణము లేదని యితరులైనచో నమ్మియుందురు. ఆయన నమ్మక, నియమము ప్రకారము ముందుగ ఎర్త్ రాడ్డును తగిలించెను. భగ్గున నిప్పులు రాలెను. ఆయన క్రిందికి వచ్చి, పందిరిలోనికి నడచి, “జనరేటరు ఎవరిది?” అని యొక్కమాట యడిగెను. మేళము ఆగిపోయినది. ఎవరును బదులు పలుకలేకపోయిరి.

ఇంటి తీగలో పెట్టిన కరెంటు దీపముతో ఆగదు. వచ్చిన దారినే వెనుకకు పోవును. ట్రాన్స్‌ఫార్మరు దానిని 11,000 వోల్టుల వఱకు పెంచగలదు. ఇంటికి దీపమిచ్చిన యంత్రమే స్తంభముపై నున్నవానికి మృత్యువగును. ఈ ప్రమాదమును నివారించునది ఛేంజోవరు స్విచ్చి. దాని పిడి ఒకమారు లైను వైపుననో, మఱియొకమారు జనరేటరు వైపుననో యుండును గాని రెంటి వైపున నుండజాలదు. పెద్ద కర్మాగారములలోను ఆసుపత్రులలోను ఈ మార్పిడి తనంతట తానే, సాధారణముగ పది సెకండ్ల లోపల జరుగును. చిన్న షెడ్డులో మనుష్యుడు చేయును. చేయువారెవరైనను నియమమొక్కటే.

మఱియొక జాగ్రత్తయు కలదు. జనరేటరు పొగలో వాసనలేని కార్బన్ మోనాక్సైడు విషవాయువుండును. మూసిన గదిలో గాని, పడకగది కిటికీ ప్రక్కను గాని దానిని నడుపరాదు.

విద్యార్థులారా, మీలో కొందఱు ఎలక్ట్రీషియనులును, ఇంజనీర్లును, షెడ్డు యజమానులును కాగలరు. కాచుకొనియుండు యంత్రమును నమ్ముకొనువారు అది ఊరకున్న దినములలోనే దానిని చూచుకొనవలెను. మీ దుకాణమునగాని మిల్లునగాని జనరేటరున్నచో, ఈ సెలవులలో పెద్దలనడిగి మూడు సంగతులు తెలిసికొనుడు: బ్యాటరీని కడపట పరీక్షించినది ఎన్నడు? పొగ ఎటు పోవుచున్నది? ఛేంజోవరు స్విచ్చి ఎక్కడ నున్నది? మూడవదానికి సమాధానము దొరకనిచో, అది అమర్చువఱకు ఆ జనరేటరును నడుపవద్దని వారిని వేడుకొనుడు. వీధి స్తంభమునెక్కువానికిని ఇంట ఎదురుచూచు బిడ్డలుందురు.