మారిన డ్రాయింగు

బరువు తగ్గించే శస్త్రచికిత్స జరిగిన ఆరవ వారంలో నా శ్రీమతికి వాంతులు పట్టుకుని, పదిహేను రోజులైనా తగ్గలేదు. నడక తూలసాగింది, వస్తువులు రెండేసిగా కనిపిస్తున్నాయన్నది. సమీపంలోని నర్సింగ్‌హోమ్‌లో గ్యాస్ అని చెప్పి గ్లూకోజు ఎక్కించబోయారు. నేను డిశ్చార్జి సమ్మరీ చూపి, శస్త్రచికిత్స చేసిన వైద్యునికి ఫోను కలిపి ఇచ్చాను. ముందు థయమిన్, ఆ తరువాతే గ్లూకోజు అన్నారాయన.

థయమిన్, అనగా బి1 విటమిను, శరీరంలో రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే నిల్వ ఉంటుంది. వాంతులు ఆగకపోతే అది అడుగంటి మెదడుకే ముప్పు. ఒట్టి గ్లూకోజు ఆ మిగిలిన కాస్తనూ ఖర్చు చేస్తుంది. ఇంజక్షన్లతో చూపు రెండు రోజులలో కుదుటపడినా, నడక చక్కబడడానికి రెండు నెలలు పట్టింది.

మార్పులు చేసిన యంత్రాన్ని పాత డ్రాయింగు చూసి మరమ్మతు చేయరాదని మనకు తెలుసు. ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవారు ఏ వైద్యుని వద్దకు వెళ్లినా ఆ సంగతే మొదట చెప్పాలి. ఆ కాగితం ఎప్పుడూ వెంట ఉండాలి.